పేలిక అన్నందుకు పాట మారింది

న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు ఒకరోజు మనవరాలి స్కూల్లో పాటల ప్రోగ్రామ్‌కి తీసుకెళ్లారు. రెండో తరగతి పిల్లలు మూడు వరసల్లో నిలబడ్డారు. ఎర్ర చొక్కాలు, తెల్ల చొక్కాలు, నీలం చొక్కాలు. చేతుల్లో పుల్లలకి అంటించిన కాగితం జెండాలు. టీచర్ పియానో మీద నాలుగు మెట్లు వాయించగానే అందరూ ఒక్కసారి ఎత్తుకున్నారు: "యూ ఆర్ ఎ గ్రాండ్ ఓల్డ్ ఫ్లాగ్..." మా పిల్ల రెండో వరసలో, ముందు పళ్లు రెండూ ఊడిన నోటితో, 'ఫ్లాగ్' అన్నప్పుడల్లా జెండా పైకెత్తుతోంది. హాల్లో పెద్దవాళ్ల కాళ్లు వాటంతట అవే తాళం వేస్తున్నాయి. నా కాలు కూడా.

ఇంటికొచ్చాక వారం రోజులు ఇంట్లో అదే పాట. స్నానం చేస్తూ అదే, పెరుగన్నం తింటూ అదే. ఇది ఎక్కడి పాటా అని ఆ వారంలోనే చదవడం మొదలుపెట్టాను. పిల్లలు జెండా ఎత్తి మరీ పాడుతున్న ఆ 'ఫ్లాగ్' అనే మాట ఉన్న చోట మొదట వేరే మాట ఉండేదని అప్పుడు తెలిసింది. ఆ మాట 'రాగ్'. అంటే చింకి గుడ్డ, పేలిక. జెండాని పేలిక అన్నాడని జనం గొడవ చేస్తే కవి మాట మార్చేశాడు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ మార్పు వల్ల పాటకి మర్యాద దక్కింది గానీ, ప్రాణం కొంత పోయింది.

ఆ కవి పేరు జార్జ్ ఎం. కోహన్. 1906 ఫిబ్రవరి 12న, అంటే లింకన్ పుట్టినరోజున, న్యూయార్క్‌లోని హెరాల్డ్ స్క్వేర్ థియేటర్‌లో 'జార్జ్ వాషింగ్టన్ జూనియర్' అనే సంగీత నాటకం మొదలైంది. నాటకం రాసింది, పాటలకి మాటలూ వరసలూ కట్టింది, హీరో వేషం వేసింది అంతా కోహనే. అప్పటికి ఆయనకి 27 ఏళ్లు. ఇంగ్లండ్ దొరల మీద మోజు పడిన ఒక సెనేటర్, తన కొడుక్కి ఆ దేశపు గొప్పింటి సంబంధం చెయ్యాలని చూస్తాడు. కొడుకు ఒప్పుకోడు. తండ్రి మీద కోపంతో తన పేరే మార్చుకుని జార్జ్ వాషింగ్టన్ వారసుణ్ణని చెప్పుకుంటాడు. కథ అంతే. ఆ రోజుల్లో సంగీత నాటకం చూడ్డానికి వచ్చేవాళ్లు కథ కోసం వచ్చేవాళ్లు కాదు, పాటల కోసం వచ్చేవాళ్లు. నాటకం పేరు ఇప్పుడు పరిశోధకులకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పాట మాత్రం 120 ఏళ్లుగా రెండో తరగతి పిల్లల నోళ్లలో ఆడుతూనే ఉంది.

పాట ఎలా పుట్టిందో కోహన్ తర్వాత రోజుల్లో తనే చెప్పుకున్నాడు. ఒకసారి ఆయన పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తమలో తాము కొట్టుకున్న అంతర్యుద్ధంలో, గెటిస్‌బర్గ్ దగ్గర పోరాడిన సైనికుడు. ఆయన దగ్గర ఒక పాత జెండా ఉంది. చిరుగులు పడిపోయింది, అయినా మడత చెదరకుండా శ్రద్ధగా పట్టుకుని ఉన్నాడు. కోహన్ దానికేసి చూడటం గమనించి, ముసలాయన ఇటు తిరిగి ఒకే ఒక్క మాట అన్నాడు: "షీ ఈజ్ ఎ గ్రాండ్ ఓల్డ్ రాగ్." అంటే, ఎంత గొప్పదో ఈ నా ముసలి పేలిక, అని.

ఆ వాక్యాన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని చాలాసేపు ఆలోచించాను. పేలిక అంటే మనకి మసిగుడ్డ గుర్తొస్తుంది, తిట్టులా వినిపిస్తుంది. కానీ ముసలాయన గొంతులో ఉన్నది ఆ పేలిక కాదు. మా నాన్నకి ఒక స్కూటర్ ఉండేది. ఇరవై ఏళ్లు నడిపాడు. "మా డొక్కు స్కూటర్" అనేవాడు ఎప్పుడూ. పొద్దున్నే దాన్ని తుడుస్తూ కూడా "లేవే డొక్కుదానా" అనేవాడు. అదే మాట పక్కింటాయన అంటే మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు. ఏళ్ల తరబడి మనతో కలిసి అరిగిపోయిన వస్తువుని మనం ఇలాంటి మోటు మాటలతోనే పిలుచుకుంటాం. కొత్త చీరని ఎవరైనా మెచ్చుకుంటారు. ఉతికి ఉతికి వెలిసిపోయి, చివరికి బొంతలోకి చేరిన అమ్మ చీరని 'ఈ పాత గుడ్డ' అనే హక్కు ఆ బొంత కప్పుకుని పెరిగినవాళ్లకే ఉంటుంది. ముసలి సైనికుడు 'రాగ్' అన్నది ఆ హక్కుతోనే.

కోహన్‌కి ఆ మాట పట్టేసింది. పాట పేరే 'ద గ్రాండ్ ఓల్డ్ రాగ్' అయ్యింది. అచ్చు కాపీలు ఆ పేరుతోనే వచ్చాయి. నాటకం తెర లేవడానికి కొద్ది రోజుల ముందే బిల్లీ మరే అనే పేరున్న గాయకుడు విక్టర్ కంపెనీకి ఆ పేరుతోనే రికార్డు ఇచ్చేశాడు. తీరా నాటకం మొదలయ్యాక అభ్యంతరాలు వచ్చిపడ్డాయి. జాతీయ జెండాని గుడ్డపేలిక అంటాడా అని పత్రికల్లో, సంఘాల్లో గొడవ. కోహన్ పెద్దగా పోరాడలేదు. ప్రేక్షకులకి ఏం కావాలో అది ఇచ్చే మనిషి ఆయన. 'రాగ్' తీసేసి 'ఫ్లాగ్' పెట్టాడు. మారిన పాట అచ్చు కాపీలు పది లక్షలు దాటాయి. ఒక నాటకంలోని పాట అన్ని కాపీలు అమ్ముడుపోవడం అమెరికాలో అదే మొదటిసారి. అప్పట్లో పాట కొనడమంటే పియానో ముందు పెట్టుకుని వాయించుకునే కాగితం కొనడం. అంటే పది లక్షలకి పైగా ఇళ్లలో ఎవరో ఒకరు కూర్చుని ఈ పాట వాయించారన్నమాట.

ఇప్పుడు ఆ మొదటి పాదం దగ్గర కాసేపు ఆగుదాం. మొదట రాసినప్పుడు ఇలా ఉండేది: "యూ ఆర్ ఎ గ్రాండ్ ఓల్డ్ రాగ్, యూ ఆర్ ఎ హై ఫ్లయింగ్ ఫ్లాగ్." నువ్వొక ముసలి పేలికవి, నువ్వే ఆకాశంలో ఎగిరే జెండావి. రాగ్‌కి ఫ్లాగ్ ప్రాస. ప్రాస ఒక్కటే కాదు, అందులో ఒక ఎక్కడం ఉంది. ఒడిలో ఉన్న చింకి గుడ్డ మరుక్షణం స్తంభం మీదికి ఎక్కుతుంది. రెండూ ఒకటే అని చెప్పడమే కవిత్వం అక్కడ. మార్చాక ఏమైంది? "యూ ఆర్ ఎ గ్రాండ్ ఓల్డ్ ఫ్లాగ్, యూ ఆర్ ఎ హై ఫ్లయింగ్ ఫ్లాగ్." జెండాకి జెండాయే ప్రాస. నువ్వు జెండావి, నువ్వు జెండావి. కొంచెం కిందికి వస్తే 'బ్రాగ్' అనే మాట ఉంటుంది, గొప్పలు చెప్పుకోవడం అని. ఈ నేల మీద గొప్పలు కొట్టేవాళ్లుండరు అనే పాదం అది. దానికి జోడీగా చివర్లో మళ్లీ 'రాగ్' ఉండేది. పేలిక అని పిలిచినప్పుడే 'గొప్పలు చెప్పుకోం' అన్న మాట నిజమని తోస్తుంది. పేలిక పోయాక ఆ పాదం ఉత్త మాటగా మిగిలింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆఖరి పాదం. "షుడ్ ఓల్డ్ ఎక్వెయింటెన్స్ బి ఫర్గాట్, కీప్ యువర్ ఐ ఆన్ ద గ్రాండ్ ఓల్డ్ రాగ్." మొదటి సగం స్కాట్లండ్ పాట నుంచి తీసుకున్నాడు, మాటా వరసా రెండూ. ఇంగ్లిష్ కొత్త సంవత్సరం రాత్రి పాత స్నేహితుల్ని తలుచుకుంటూ పాడే పాట అది. రెండో సగానికి మామూలుగా చూస్తే అర్థం ఏముంది? జెండా మీద చూపు నిలుపు అని. దేశభక్తి పాటల్లో వందసార్లు విన్న మాటే.

కానీ ఆ మాట గెటిస్‌బర్గ్‌లో ఉన్నవాడి పక్క నుంచి వినాలి. 1863 జులై మొదటి మూడు రోజులు అక్కడ జరిగింది దట్టంగా పొగ చిమ్మే నల్ల తుపాకిమందుతో చేసిన యుద్ధం. నాలుగు రౌండ్లు కాల్చేసరికి పొగ కమ్మేస్తుంది, పది గజాల అవతల ఏముందో కనిపించదు. అరుపుల్లో ఆఫీసర్ ఆజ్ఞ వినిపించదు. తన దళం ముందుకెళ్తోందో వెనక్కొస్తోందో సైనికుడికి చెప్పేది పొగ పైన కనిపించే జెండా ఒక్కటే. అందుకే శత్రువు ముందు గురిపెట్టేది కూడా జెండా మోసేవాడినే. వాడు పడిపోతే పక్కవాడు తుపాకి వదిలేసి జెండా అందుకుంటాడు. వాడూ పడిపోతే ఇంకొకడు. జెండాకి పడిన చిరుగులు ఎండకీ వానకీ పడినవి కావు, తూటాలవి. 'దాని మీద చూపు నిలుపు' అన్నది ఆ మనిషికి అలంకారం కాదు, బతికి ఉండటానికి ఇచ్చిన ఆజ్ఞ. పక్కన ఉన్న స్నేహితులు ఒక్కొక్కరే కనిపించకుండా పోతున్నప్పుడు, ఆ గుడ్డని చూస్తూ నడువు అని. ఈ ఆఖరి పాదం రాసేటప్పుడు కోహన్‌కి ఇదంతా తట్టిందో లేదో గానీ, ముసలాయన మాట ఆ పాటలో ఉన్నంతకాలం ఈ అర్థం కూడా అందులో ఉంది. 'ఫ్లాగ్' అనగానే అది సైనికుడి చేతిలోంచి జారి స్కూలు మైదానంలోని స్తంభం మీదికి వెళ్లిపోయింది.

అభ్యంతరం చెప్పినవాళ్లని మూర్ఖులు అనేస్తే తేలిగ్గా ఉంటుంది. అది న్యాయం కాదు. ఆ కాలంలో అమెరికాలో జెండా బొమ్మని వ్యాపారులు దేనికి పడితే దానికి అంటించేవాళ్లు. సబ్బులు, పొగాకు, విస్కీ, చేతిరుమాళ్లు. ఎన్నికల సభల్లో జెండా మీదే అభ్యర్థి మొహం అచ్చేసేవాళ్లు. దీని మీద విసిగిపోయి, జెండాని కాపాడే చట్టాలు కావాలని 1890ల నుంచి పెద్ద ఉద్యమం నడిచింది. అందులో ముందు నిలబడ్డవాళ్లలో అంతర్యుద్ధ సైనికుల సంఘం కూడా ఉంది. నెబ్రాస్కా రాష్ట్రం 1903లో అలాంటి చట్టం చేసింది. ఒమాహాలో ఇద్దరు వ్యాపారులు 'స్టార్స్ అండ్ స్ట్రైప్స్' అనే బీరు సీసా మీద జెండా బొమ్మ వేసి అమ్మినందుకు జరిమానా పడింది. వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1907లో కోర్టు చట్టమే సరైనదని తీర్పు చెప్పింది. ఈ పాట వచ్చిన మరుసటి ఏడాది అది.

అంటే 1906లో జెండా అనేది పుండు మీద కారంలాంటి విషయం. బీరు సీసా మీద జెండా చూసి కడుపు మండిన మాజీ సైనికుడు, ఒక్క తుపాకి దెబ్బ కూడా తగలని పాతికేళ్ల కుర్రాడు స్టేజీ మీద గంతులేస్తూ దాన్ని పేలిక అంటుంటే ఎలా ఊరుకుంటాడు? పక్కింటాయన మా నాన్న స్కూటర్‌ని డొక్కుది అన్నట్టే. పైగా అప్పట్లో 'రాగ్' అంటే ఇంకో అర్థం కూడా గాలిలో ఉంది. నల్లజాతి సంగీతకారుల చేతుల్లో పుట్టిన రాగ్‌టైమ్ సంగీతం ఊరూరా ఊపేస్తున్న రోజులు. ఆ సంగీతం అంటే ముక్కు విరిచే పెద్దమనుషులకి ఆ మాట జెండా పక్కన ఉండటం ఇంకా కంపరంగా ఉండి ఉంటుందని నా ఊహ.

ఇంత చెప్పాక కూడా నేను ముసలాయన వైపే ఉంటాను. ఎందుకంటే, ఆ మాట కోహన్ సొంతం కాదు, అరువు తెచ్చుకున్నది. అరువు ఇచ్చినవాడికి ఆ మాట అనే అర్హత అందరికంటే ఎక్కువ ఉంది. గౌరవం పేరుతో జనం అడ్డుకున్నది నటుడినని అనుకున్నారు. నోరు నొక్కింది సైనికుడిది.

కోహన్ గురించి కూడా కొంచెం చెప్పాలి. మన సురభి కుటుంబాల్లో పిల్లలు నడక నేర్చేది స్టేజీ మీదే అంటారు కదా, ఆయనదీ అలాంటి పుట్టుకే. తండ్రి జెర్రీ, తల్లి నెల్లీ, అక్క జోసెఫిన్, తను. 'ద ఫోర్ కోహన్స్' అనే పేరుతో ఊళ్లు తిరిగి ఆడేవాళ్లు. ఆట అయ్యాక కోహన్ ముందుకొచ్చి చెప్పే ముక్క అందరికీ కంఠతా వచ్చు: మా అమ్మ మీకు థాంక్స్ చెబుతోంది, మా నాన్న థాంక్స్ చెబుతున్నాడు, మా అక్క థాంక్స్ చెబుతోంది, నేనూ థాంక్స్ చెబుతున్నాను. వాళ్లది ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కేథలిక్ కుటుంబం. ఐరిష్ వాళ్లంటే తాగుబోతులనీ, పోప్ చెప్పుచేతల్లో ఉండేవాళ్లనీ, వీళ్లు నిజమైన అమెరికన్లు ఎలా అవుతారనీ పత్రికలు బొమ్మలేసి మరీ ఎగతాళి చేసిన తరం ఆయన తాతలది. కోహన్ ఎప్పుడూ తను జులై 4న, సరిగ్గా దేశ స్వాతంత్ర్య దినం నాడు పుట్టానని చెప్పుకునేవాడు. 1904లో రాసిన పాటలో కూడా ఆ సంగతి పెట్టుకున్నాడు. రోడ్ ఐలండ్‌లో ఆయనకి బాప్తిస్మం ఇచ్చిన చర్చి పుస్తకంలో మాత్రం 1878 జులై 3 అని ఉంది. ఆ ఒక్కరోజు తేడాని కొందరు గొప్పల కోసం చెప్పిన అబద్ధం అంటారు. నాకు అలా అనిపించదు. ఈ దేశం నాది అని రుజువు చూపించమని అడిగే చోట పెరిగిన పిల్లాడు రుజువు తెచ్చుకున్నాడు. ఎడిసన్‌లోనో డాలస్‌లోనో పిల్లల చేత ఈ పాట ప్రాక్టీస్ చేయిస్తున్న మన తెలుగు తల్లిదండ్రులకి ఆ రుజువు బరువు ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

పాట చరణంలో కోహన్ ఇంకో పని చేశాడు. మిలిటరీ బ్యాండు వింటే ఒళ్లు పులకరిస్తుందంటూ, దక్షిణాది వాళ్ల 'డిక్సీ' పాట ముక్కనీ, ఉత్తరాది సైన్యం జార్జియాని తగలబెడుతూ సాగిన నడక మీద ఆ తర్వాత కట్టిన పాట ముక్కనీ పక్కపక్కనే అల్లాడు. యుద్ధం అయిపోయి 41 ఏళ్లే అయింది. రెండు వైపుల ముసలి సైనికులూ ఇంకా బతికే ఉన్నారు. ఆ రెండు పాటలూ ఒకే గొంతులో వినిపించడం థియేటర్లో కూర్చున్నవాళ్లకి రాజీ కుదిరినట్టు ఉండి ఉంటుంది.

ఆ రాజీలో మూడోవాడు, నల్లజాతి మనిషి, లేడు. "ఎవ్రీ హార్ట్ బీట్స్ ట్రూ అండర్ రెడ్, వైట్ అండ్ బ్లూ" అంటుంది పాట, ఈ జెండా కింద ప్రతి గుండే నిజాయతీగా కొట్టుకుంటుందని. అదే 1906 ఆగస్టులో టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ ఊళ్లో ఒక రాత్రి కాల్పులు జరిగి ఒక మనిషి చనిపోయాడు. ఊరివాళ్లు నేరం పక్కనే క్యాంపులో ఉన్న నల్లజాతి సైనికుల మీద పెట్టారు. కోర్టు విచారణ లేదు, ఎవరి మీదా నేరం రుజువు కాలేదు. అయినా ఆ నవంబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 167 మందిని ఒక్క కలంపోటుతో సైన్యంలోంచి తీసేశాడు. పెన్షన్ లేదు, గౌరవం లేదు. వాళ్లలో కొందరు ఇరవై ఏళ్లకి పైగా ఆ జెండా మోసినవాళ్లు. తప్పు జరిగిందని సైన్యం ఒప్పుకుని ఆ ఉత్తర్వు రద్దు చేసింది 1972లో. అప్పటికి దాదాపు అందరూ మట్టిలో కలిసిపోయారు. జెండాని పేలిక అంటే ఊరుకోని దేశం, ఆ జెండా మోసిన మనుషుల్ని పేలికల్లా తీసి పారేస్తే మాత్రం 66 ఏళ్లు ఊరుకుంది. ఇది చదివాక నాకు ఆ పాట మీద కోపం రాలేదు. 'ప్రతి గుండే' అన్న మాట దగ్గర మాత్రం ఇప్పటికీ గొంతు ఆగుతుంది.

కోహన్‌ని కూడా పూర్తిగా నెత్తిన పెట్టుకోలేను. 1919లో న్యూయార్క్ నటీనటులు సమ్మె చేశారు. వారాల తరబడి రిహార్సల్స్ చేయించుకుని పైసా ఇచ్చేవాళ్లు కాదు. వేషాల బట్టలు నటులే కొనుక్కోవాలి. టూర్ మధ్యలో నాటకం ఆగిపోతే రైలు ఛార్జీలు కూడా లేక పరాయి ఊళ్లో మిగిలిపోయేవాళ్లు. ఆగస్టు 7న మొదలైన సమ్మె నెల రోజులు సాగింది, థియేటర్లు చీకటైపోయాయి. చిన్నప్పటి నుంచి రైళ్లలో తిరుగుతూ ఆడి పెరిగిన కోహన్, ఆ కష్టం ఎముకల్లో తెలిసిన కోహన్, నిర్మాతల వైపు నిలబడ్డాడు. అప్పటికి తనూ నిర్మాతే. సమ్మె గెలిచింది. ఆయన చచ్చేదాకా సమ్మె చేసిన ఆ నటుల యూనియన్‌లో చేరలేదు. పాత స్నేహితులు చాలామంది మొహం తిప్పుకున్నారు. పాత స్నేహాలు మరిచిపోతే జెండా మీద చూపు నిలపమని రాసినవాడికి ఆ రోజుల్లో చూడ్డానికి జెండాయే మిగిలి ఉంటుంది.

ఆ జెండా ఆయన్ని వదల్లేదు కూడా. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగిన 1917 ఏప్రిల్‌లో రాసిన 'ఓవర్ దేర్' పాటకీ, ఈ జెండా పాటకీ కలిపి అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ 1936లో బంగారు పతకం మంజూరు చేసింది. కళాకారుడికి ఆ పతకం రావడం అదే మొదలు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చేతుల మీదుగా అందుకుంది 1940లో. 1942లో ఆయన జీవితం మీద 'యాంకీ డూడుల్ డాండీ' సినిమా వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే కమ్యూనిస్టు అనే ఆరోపణ ఎదుర్కొని బయటపడ్డ జేమ్స్ కాగ్నీ కోహన్ వేషం వేశాడు, ఆస్కార్ కూడా గెలుచుకున్నాడు. కోహన్‌లాగే ఐరిష్ మూలాలున్నవాడు, కోహన్‌లాగే దేశభక్తి రుజువు చేసుకోవాల్సి వచ్చినవాడు. ఆ ఏడాదే కాగ్నీ సినిమా నటుల యూనియన్‌కి అధ్యక్షుడయ్యాడు. సినిమాలో 1919 సమ్మె ఊసు లేదు. జెండా పాట మాత్రం భారీ సెట్టింగుల్లో, వందల జెండాల మధ్య ఉంది. మడత పెట్టుకున్న చింకి జెండాకి అంత వెలుగులో చోటెక్కడ?

మాట మార్చడమే తప్పని నేననడం లేదు. పాటల రచయిత ఇర్వింగ్ బెర్లిన్ 1918లో సైనికుల నాటకం కోసం 'గాడ్ బ్లెస్ అమెరికా' రాసి, వద్దనుకుని పక్కన పడేశాడు. 1938లో బయటికి తీసినప్పుడు 'టు ద రైట్' (సరైన దారికి) అన్న చోట 'త్రూ ద నైట్' (చీకటి గుండా) అని పెట్టాడు. ఇరవై ఏళ్లలో 'రైట్' అనే మాటకి కుడి పక్షం అనే రాజకీయ రంగు అంటుకుంది మరి. చీకట్లో వెలుగు చూపించమనడం ఇంకా అందంగా కుదిరింది. ఆయన తన చెవితో విని మార్చుకున్నాడు. కోహన్ ఎదుటివాళ్ల కోపం విని మార్చాడు. తేడా పాటలో వినిపిస్తుంది.

వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఒక చీకటి గది ఉంది. అక్కడ అద్దం వెనక అమెరికా జాతీయగీతానికి ప్రాణం పోసిన జెండా ఉంది. 1814లో బాల్టిమోర్ కోట మీద ఎగిరింది. కుట్టినప్పుడు 30 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవు. ఇప్పుడు 34 అడుగులే మిగిలింది. దాన్ని దాచుకున్న ఆ కోట కమాండర్ కుటుంబంవాళ్లు జ్ఞాపకాలుగా ముక్కలు కత్తిరించి ఇచ్చేశారు. ఒక నక్షత్రం కూడా పోయింది. మ్యూజియానికి అది చేరింది 1907లో, అంటే కోహన్‌తో 'రాగ్' మార్పించిన మరుసటి ఏడాది. అప్పటికే పొరలుగా విడిపోతుంటే 1914లో కుట్టుపనివాళ్లు వెనక లినెన్ గుడ్డ వేసి దాదాపు 17 లక్షల కుట్లు వేసి నిలబెట్టారు. నిలబెడితే బరువుకి చిరిగిపోతుందని ఇప్పుడు కొంచెం వాలుగా పడుకోబెట్టారు. మేం వెళ్లినప్పుడు ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. వెలిసిపోయిన ఉన్ని గుడ్డ, అంచులు పీచు పీచుగా. దాన్ని చూసి పేలిక అనడానికి ఎవరికీ నోరు రాదు. కానీ అక్కడ గుండె పట్టేసేది అది పేలిక కాబట్టే. కొత్త నైలాన్ జెండా అయితే ఆ చీకటి గది దాకా ఎవరొస్తారు?

అదే అమెరికా 1942లో చేసుకున్న జెండా నియమావళి, పాడైపోయిన జెండాని గౌరవంగా, వీలైతే కాల్చి, లేకుండా చెయ్యాలంటుంది. మన దేశంలోనూ ఇంచుమించు అదే నియమం. నియమం మంచిదే, రోడ్డు పక్కన మురికి కాలవలో పడి ఉన్న జెండాలు చూసినవాళ్లకి దాని విలువ తెలుసు. కానీ గెటిస్‌బర్గ్ ముసలాయన ఆ నియమం వినేవాడు కాదు. కాల్చమంటే మడత ఇంకాస్త గట్టిగా పట్టుకునేవాడు.

1906లో రికార్డింగ్ అంటే మైకు లేదు. గాయకుడు పెద్ద బాకా ముందు నిలబడి గొంతెత్తి పాడితే, ఆ గాలి దెబ్బకి సూది కదిలి మైనం మీద గీత గీసేది. ఒకసారి గీసింది గీసినట్టే. అందుకే అచ్చు కాపీల్లో మాట మారినా బిల్లీ మరే రికార్డులో మారలేదు. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వాళ్లు పాత విక్టర్ రికార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. ఒక రాత్రి పడుకునే ముందు మనవరాలికి ఫోన్లో అది పెట్టి వినిపించాను. బరబర శబ్దం, వెనక బ్యాండు, ముక్కుతో పాడినట్టున్న గొంతు. పిల్ల తల ఊపుతూ, పెదాలు కదుపుతూ విన్నది. పల్లవి రాగానే టక్కున ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఆయన రాంగ్ పాడుతున్నాడు."

కాదమ్మా, ముందు అలాగే రాశారు అని చెప్పాను. ముసలి సైనికుడు, ఆయన చేతిలో చిరిగిన జెండా, ఆయన దాన్ని ఏమని పిలిచాడో, అంతా చెప్పాను. విన్నది. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ మొదటి నుంచి పెట్టింది.